పన్నెండు గోల్స్ తిన్న కోచ్: ఒట్టో రేహాగెల్ కథ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? ఫ్యాన్ల సౌండ్ ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతా.

ఫుట్‌బాల్ ఆడి ఆ తర్వాత కోచ్ అయిన జర్మన్ ఎవరైనా ఒకరి గురించి మాట్లాడమన్నారు. పేర్లకేం కొదవ లేదు. బెకన్‌బవర్ ఉన్నాడు, ఆటగాడిగా ప్రపంచ కప్, కోచ్‌గా ప్రపంచ కప్, ఆయన గురించి కొత్తగా చెప్పడానికి ఏం మిగల్లేదు. క్లాప్ ఉన్నాడు, ఇక్కడ ముందు కూర్చున్న కుర్రాళ్ళు చాలామంది లివర్‌పూల్ జెర్సీలేసుకొచ్చారు, ఆయన గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. (నవ్వులు) అందుకని నేను ఒట్టో రేహాగెల్‌ని పట్టుకున్నా. 2004లో గ్రీస్‌కి యూరో కప్ గెలిపించిన పెద్దాయన. చాలామందికి ఆయన ఆ ఒక్క నెలే తెలుసు, అంతకు ముందు నలభై ఏళ్ళ కథ ఉంది, అసలు మజా అంతా అందులోనే ఉంది.

నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న ఏంటంటే, ఒకే మనిషి, ఒకే పద్ధతి, ఆడించే ఆట కూడా పెద్దగా మార్చుకోలేదు, మరి బ్రెమెన్‌లో పద్నాలుగేళ్ళు ఏలాడు, బయర్న్ మ్యూనిక్‌లో పది నెలలు కూడా నిలబడలేకపోయాడు, అక్కణ్ణుంచి గెంటేస్తే కింది డివిజన్‌లో ఉన్న టీమ్‌ని తీసుకుని రెండేళ్ళలో జర్మనీ చాంపియన్‌ని చేశాడు. అదెలా? నా జవాబు ముందే చెప్పేస్తా, సస్పెన్స్ ఏం లేదు: ఆయన ఒక్కడి మాటే చెల్లే చోట గెలిచాడు, పెత్తనం నలుగురు చేసే చోట బోల్తా పడ్డాడు. టాక్టిక్స్ సంగతి ఆ తర్వాత.

మొదట ఆటగాడి రోజులు, ఇవి త్వరగా దాటేస్తా. 1938 ఆగస్టు 9న ఎస్సెన్‌లో పుట్టాడు. రూర్ ప్రాంతం, బొగ్గు గనులు, పొగగొట్టాలు, గని కార్మికుల కుటుంబాలు. ఈయన కూడా గనిలోనే చేరాడు, కాకపోతే బొగ్గు తవ్వడానికి కాదు, అక్కడే పెయింటర్ పని నేర్చుకున్నాడు. గోడలకి రంగులేసుకుంటూ సాయంత్రాలు బంతాట. లోకల్ టీమ్ నుంచి రోట్‌వైస్ ఎస్సెన్‌కి, అక్కణ్ణుంచి హెర్తా బెర్లిన్‌కి. 1963లో జర్మనీలో బుండెస్‌లీగా, అంటే దేశంలో అన్నిటికన్నా పై లీగ్, మొదలైంది కదా, ఆ మొట్టమొదటి సీజన్‌లో ఆడినవాళ్ళలో ఈయన ఒకడు. తర్వాత 1966 నుంచి 1972 దాకా కైజర్స్‌లాటర్న్. మొత్తం 201 బుండెస్‌లీగా మ్యాచ్‌లు. డిఫెండర్. కాళ్ళు విరగ్గొట్టే రకం అని ఆ రోజుల్లో పేరు. జర్మనీ సీనియర్ టీమ్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంటే కోచ్‌గా డ్రెస్సింగ్ రూమ్‌లోకి అడుగుపెట్టినప్పుడు నేను ఫలానా కప్పు గెలిచాను అని చెప్పుకోడానికేం లేదన్నమాట. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, బయర్న్ దగ్గర మళ్ళీ కావాలి.

1972లో బూట్లు విప్పేసి కోచింగ్‌లోకి దిగాడు, మొదట్లో చిన్నా చితకా టీములు, తర్వాత ఆఫెన్‌బాక్, కొన్నాళ్ళు బ్రెమెన్, 1976లో బొరుసియా డోర్ట్‌మండ్. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే బుండెస్‌లీగా చరిత్రలోనే అతి పెద్ద ఓటమి ఈయన ఖాతాలోనే ఉంది.

1978 ఏప్రిల్ 29, సీజన్ చివరి రోజు. టైటిల్ రేసులో కొలోన్, మోయెన్‌షెన్‌గ్లాడ్‌బాక్, ఇద్దరికీ పాయింట్లు సమానం. కాకపోతే గోల్ డిఫరెన్స్‌లో, అంటే కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలే లెక్కలో, కొలోన్ పది గోల్స్ ముందుంది. గ్లాడ్‌బాక్ సొంత గ్రౌండ్‌లో రిపేర్లు జరుగుతున్నాయి, అందుకని మ్యాచ్ డ్యూసెల్‌డార్ఫ్‌లో రైన్ స్టేడియంలో పెట్టారు. ఎదురుగా రేహాగెల్ డోర్ట్‌మండ్. వాళ్ళకి గెలిచినా ఓడినా పోయేదేం లేదు. గ్లాడ్‌బాక్ వాళ్ళు మొదటి నిమిషంలోనే మొదలుపెట్టారు. హాఫ్ టైంకి ఆరు. ఫుల్ టైంకి పన్నెండు. 12-0. ఒక్క యుప్ హైన్‌కెస్సే ఐదు కొట్టాడు, ఆయనకి అది ఆటగాడిగా చివరి బుండెస్‌లీగా మ్యాచ్. ఆ హైన్‌కెస్ కూడా తర్వాత పెద్ద కోచ్ అయ్యాడు, అది ఇంకో రోజు చెప్పుకుందాం. తమాషా ఏంటంటే ఇంత కొట్టినా గ్లాడ్‌బాక్‌కి టైటిల్ రాలేదు, అవతల కొలోన్ 5-0తో గెలిచేసింది, మూడు గోల్స్ తేడాతో వాళ్ళే చాంపియన్.

మరి డోర్ట్‌మండ్? మర్నాడే రేహాగెల్ ఉద్యోగం ఊడింది. మ్యాచ్ అమ్ముకున్నారా అన్న మాటలు కూడా వచ్చాయి, ఏదీ రుజువు కాలేదు. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో పేరు ముందు 12-0 అన్న ముద్ర పడ్డ కోచ్‌ని ఎవరు పిలుస్తారు చెప్పండి? పిలిచారు. మొదట ఆర్మీనియా బీలెఫెల్డ్, తర్వాత 1979లో ఫార్చూనా డ్యూసెల్‌డార్ఫ్. అవును, అదే డ్యూసెల్‌డార్ఫ్, ఫార్చూనా వాళ్ళ సొంత గ్రౌండ్ అదే రైన్ స్టేడియం. ఏ గ్రౌండ్‌లో పరువు పోయిందో అక్కడికే రోజూ ఉద్యోగానికి వెళ్ళాడు. 1980లో వాళ్ళకి జర్మన్ కప్పు తెచ్చిపెట్టాడు, ఫైనల్లో ఓడించింది ఎవర్నో తెలుసా, కొలోన్‌ని, 2-1. డ్యూసెల్‌డార్ఫ్ పేరు ఇంకోసారి వస్తుంది, చివర్లో.

ఇక బ్రెమెన్. 1981 వసంతంలో వెర్డర్ బ్రెమెన్ రెండో డివిజన్‌లో ఉంది. వాళ్ళ కోచ్‌కి కారు యాక్సిడెంట్ అయితే ఆ ఖాళీలోకి ఈయన్ని తీసుకున్నారు. ఆ వచ్చినవాడు 1995 దాకా కదల్లేదు. ఈ రోజుల్లో కోచ్ పద్నాలుగు నెలలుంటేనే గొప్ప, ఆయన పద్నాలుగేళ్ళున్నాడు.

ఆయన అక్కడ చేసింది రెండు పనులు. ఒకటి, చవగ్గా దొరికే మనుషుల్ని వెతికి పట్టుకోవడం. రూడీ ఫోలర్‌ని 1982లో 1860 మ్యూనిక్ నుంచి తెచ్చాడు, రెండో డివిజన్‌లో 37 గోల్స్ కొట్టిన కుర్రాడు, బుండెస్‌లీగాకి వచ్చిన మొదటి సీజన్‌లోనే 23 గోల్స్‌తో టాప్ స్కోరర్. రీడ్లేని అప్పుడే రెలిగేట్ అయిన, అంటే కింది డివిజన్‌కి పడిపోయిన బెర్లిన్ టీమ్ నుంచి తెచ్చాడు. నార్వే నుంచి బ్రాట్‌సెత్, న్యూజిలాండ్ వాడు వింటన్ రూఫర్, అక్కడివాళ్ళ కోసం యూరప్‌లో పెద్ద క్లబ్బులేవీ ఎగబడని కాలం అది. రెండోది, క్లబ్‌లో ఆటకి సంబంధించినంత వరకు ఆయన మాటే శాసనం. డబ్బులు, వ్యాపారం చూసుకోడానికి మేనేజర్ విల్లీ లెమ్కే ఉన్నాడు, ఇద్దరికీ రాజకీయాల్లో పడదు, తరచూ గిల్లికజ్జాలు, అయినా ఒకరి గీత ఇంకొకరు దాటలేదు. పేపర్లవాళ్ళతో ఈయన వరస మాత్రం మహా దురుసు, ప్రశ్న నచ్చకపోతే నువ్వు ఎప్పుడైనా బంతి తన్నావా అన్నట్టు చూసేవాడు. నిజం చెప్పాలంటే మనిషి అంత సులువు కాదు. కానీ ప్లేయర్లు మాత్రం ఆయన కోసం ప్రాణం పెట్టేవాళ్ళు, ముప్పై ఐదేళ్ళు దాటిన వాళ్ళని కూడా పక్కన పడెయ్యకుండా ఆడించేవాడు.

అయితే గెలుపు అంత తొందరగా రాలేదు. 1983లో రెండో స్థానం, హాంబర్గ్‌తో పాయింట్లు సమానం, గోల్ డిఫరెన్స్‌లో పోయింది. 1985లో రెండో స్థానం. 1986 అయితే… ఆ రాత్రి గురించి బ్రెమెన్ వాళ్ళ దగ్గర ఇప్పటికీ ఎత్తకూడదు.

1986 ఏప్రిల్ 22. చివరి నుంచి రెండో మ్యాచ్, బ్రెమెన్‌లో, బయర్న్‌తో. బ్రెమెన్ గెలిస్తే చాలు, చాంపియన్. ఫోలర్ నవంబర్‌లో ఇదే బయర్న్ మీద ఆడుతూ అవుగెన్‌థాలర్ టాకిల్‌కి గాయపడి అయిదు నెలలు ఆటకి దూరమయ్యాడు, ఆ రోజే సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. 88వ నిమిషం, స్కోరు 0-0, ఫోలర్ బంతిని లేపితే బయర్న్ లెర్బీ ముఖానికి తగిలింది, రిఫరీ చేతికి తగిలిందనుకుని పెనాల్టీ ఇచ్చేశాడు. బయర్న్ వాళ్ళు రిఫరీ చుట్టూ మూగి గొడవ, కిక్ కొట్టేసరికి చాలాసేపు పట్టింది. కొట్టాల్సింది మిషాయెల్ కుట్జోప్. పెనాల్టీల్లో గురి తప్పని మనిషి, బుండెస్‌లీగాలో అప్పటిదాకా ఒక్కటి కూడా మిస్ చెయ్యలేదు. గోల్ కీపర్ ప్ఫాఫ్‌ని ఒక పక్కకి పంపించేశాడు, బంతి ఇంకో పక్కకి. టంగ్‌మని కుడి పోస్ట్‌కి తగిలి బయటికి పోయింది. బుండెస్‌లీగాలో ఆయన జీవితం మొత్తమ్మీద మిస్ చేసిన పెనాల్టీ అదొక్కటే. చివరి రోజు స్టుట్‌గార్ట్‌లో డ్రా చేసుకున్నా చాలు, 2-1తో ఓడిపోయారు, బయర్న్ 6-0తో గెలిచి గోల్ డిఫరెన్స్‌తో కప్పు పట్టుకుపోయింది.

వేరే క్లబ్ అయితే ఏం చేస్తుంది? మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి జారిపోతే కోచ్‌ని మారుస్తుంది. బ్రెమెన్ మార్చలేదు. నా లెక్కలో ఆయన కెరీర్‌లో అతి ముఖ్యమైన నిర్ణయం ఆయన తీసుకున్నది కాదు, క్లబ్‌వాళ్ళు తీసుకున్న ఈ నిర్ణయమే. రెండేళ్ళకి, 1988లో, సీజన్ మొత్తంలో 22 గోల్సే తిని చాంపియన్ అయ్యారు. ఫోలర్ అప్పటికే ఇటలీకి వెళ్ళిపోయాడు కూడా. పన్నెండు గోల్స్ ఒక్క పూటలో తిన్న కోచ్, పదేళ్ళ తర్వాత 34 మ్యాచ్‌లలో 22. (చప్పట్లు)

మళ్ళీ 1993లో చాంపియన్, ఈసారి చివరి రోజు అదే స్టుట్‌గార్ట్‌లో 3-0 గెలిచి, బయర్న్‌ని వెనక్కి నెట్టి. 1991, 1994లో జర్మన్ కప్పులు. 1992లో కప్ విన్నర్స్ కప్పు, ఫైనల్లో మొనాకో మీద 2-0. ఆ మొనాకో కోచ్ ఎవరనుకున్నారు, ఆర్సెన్ వెంగర్. గ్రౌండ్ ఏదనుకున్నారు, లిస్బన్‌లో లూజ్ స్టేడియం. ఆ ఊరు కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక బ్రెమెన్‌లో రాత్రిపూట యూరప్ మ్యాచ్‌లుండేవి చూడండి, అవి వేరే లెవెల్. మాస్కోలో స్పార్టక్ చేతిలో 4-1 ఓడి ఇంటికొచ్చి 6-2 కొట్టడం, డైనమో బెర్లిన్ చేతిలో 3-0 ఓడి ఇంటికొచ్చి 5-0, మారడోనా ఉన్న నేపుల్స్‌ని ఇక్కడ 5-1. 1993 డిసెంబర్‌లో చాంపియన్స్ లీగ్‌లో ఆండర్లెక్ట్ మీద 3-0 వెనకబడి 5-3 గెలిచారు, ఆఖరి పాతిక నిమిషాల్లోనే ఆ ఐదూ. ఈయన్ని డిఫెన్స్ తప్ప తెలీని ముసలాయన అనేవాళ్ళకి నేను ఈ స్కోర్లు చూపిస్తా.

1995లో బయర్న్ పిలిచింది. వెళ్ళాడు. ఎవరైనా వెళ్తారు, జీవితమంతా ఎవరి వెనక రెండో స్థానంలో ఉన్నాడో ఆ క్లబ్ పిలిస్తే వెళ్ళకుండా ఎలా ఉంటాడు. క్లిన్స్‌మన్, స్ఫోర్జా, హెర్జోగ్ అందరూ ఆ సీజన్‌కే వచ్చారు, ఆల్రెడీ మథేయుస్ ఉన్నాడు. మొదటి ఏడు మ్యాచ్‌లు వరసగా గెలిచారు కూడా. కానీ అక్కడ ప్రెసిడెంట్ బెకన్‌బవర్, ఆయన టీవీలో ఏం మాట్లాడితే అది హెడ్‌లైన్. డ్రెస్సింగ్ రూమ్‌లో మాట బయటికి రాకుండా ఉండడమన్నది ఆ రోజుల బయర్న్‌లో కల్ల, అందుకే జర్మన్ పేపర్లు ఆ టీమ్‌కి ఎఫ్‌సీ హాలీవుడ్ అని పేరు పెట్టాయి. ప్రపంచ కప్పులు గెలిచిన వాళ్ళకి, అసలు జర్మనీకే ఆడని మాజీ డిఫెండర్ ఒకాయన నువ్వు అటు నిలబడు ఇటు నిలబడు అని చెప్తే ఎంత చెవికెక్కుతుందో మీరే ఊహించుకోండి. బ్రెమెన్‌లో శాసనం అయిన మాట మ్యూనిక్‌లో సలహా అయిపోయింది. 1996 ఏప్రిల్ ఆఖర్లో, ఇంట్లో రోస్టాక్ చేతిలో 1-0 ఓడగానే తీసేశారు. ఎప్పుడు? యూఈఎఫ్‌ఏ కప్ ఫైనల్ మొదటి మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు! బార్సిలోనాని సెమీస్‌లో ఓడించి ఆ ఫైనల్‌కి తీసుకెళ్ళింది ఈయనే, కప్పు మాత్రం కోచ్ కుర్చీలో కూర్చున్న బెకన్‌బవర్ ఎత్తాడు.

ఇక్కడే కథలో నాకు బాగా ఇష్టమైన మలుపు. అదే మే నెలలో కైజర్స్‌లాటర్న్ చరిత్రలో తొలిసారి రెలిగేట్ అయింది. చివరి మ్యాచ్ లెవర్‌కూసెన్‌లో. 1990 ప్రపంచ కప్ ఫైనల్లో గెలుపు గోల్ కొట్టిన ఆండ్రియాస్ బ్రెహ్మె, కైజర్స్‌లాటర్న్ వాడు, మ్యాచ్ అయ్యాక అవతలి టీమ్‌లో ఉన్న ఫోలర్ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు, ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూంటుంది. లక్ష మంది జనాభా ఉన్న ఊరు, ఆ ఊరికి ఉన్నదల్లా ఆ టీమ్. రేహాగెల్ పాత క్లబ్. వెళ్ళి చేరాడు. అక్కడ ఆయన మాటకి అడ్డు చెప్పేవాడే లేడు.

ఒక్క ఏడాదిలో పైకి తెచ్చాడు. 1997 ఆగస్టు 2, బుండెస్‌లీగాలో మొదటి మ్యాచ్, లిస్ట్ ఎవరు వేశారో గానీ, మ్యూనిక్‌లో బయర్న్‌తో! పదిహేను నెలల క్రితం గెంటేసిన క్లబ్. షోయెన్‌బెర్గ్ హెడర్, 1-0, కైజర్స్‌లాటర్న్ గెలుపు. ఏదో మొదటి రోజు తగిలింది అనుకున్నారు. తర్వాత చూస్తే క్రిస్మస్‌కీ వీళ్ళే టాప్, ఫిబ్రవరికీ వీళ్ళే టాప్. బయర్న్‌లో చిరాకు ఎంతవరకు వెళ్ళిందంటే మార్చిలో వాళ్ళ కోచ్ ట్రపటోని ప్రెస్‌మీట్‌లో వచ్చీరాని జర్మన్‌లో ప్లేయర్ల మీద అరిచిన అరుపు ఈ రోజుకీ జర్మనీలో మిమిక్రీ వాళ్ళకి తిండి పెడుతోంది. మార్షల్ 21 గోల్స్, మిడ్‌ఫీల్డ్‌లో స్ఫోర్జా, అవును బయర్న్‌లో రేహాగెల్ దగ్గర ఆడిన అదే స్ఫోర్జా, బెంచ్ మీద నుంచి అప్పుడప్పుడూ దిగే మిషాయెల్ బల్లాక్ అనే కుర్రాడు. ఇంకో మ్యాచ్ మిగిలుండగానే వోల్ఫ్స్‌బర్గ్ మీద 4-0 కొట్టి చాంపియన్స్. రెండేళ్ళ క్రితం ఏడ్చిన బ్రెహ్మె చాంపియన్‌గా రిటైర్ అయ్యాడు. కింది డివిజన్ నుంచి వచ్చిన ఏడాదే బుండెస్‌లీగా గెలవడం అంతకు ముందు లేదు, ఆ తర్వాతా ఇప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు.

(ప్రేక్షకుల్లోంచి: లెస్టర్ లాగానా సార్?) ఇంగ్లండ్ లీగ్ గెలవడానికి లెస్టర్‌కి పైకొచ్చాక ఇంకో ఏడాది పట్టింది బాబూ. (నవ్వులు)

సరే, గ్రీస్‌కి వద్దాం, మీరంతా దీనికోసమే వచ్చారని నాకు తెలుసు. 2001 ఆగస్టులో, 63 ఏళ్ళ వయసులో, గ్రీస్ కోచ్ అయ్యాడు. అంతకు ముందు గ్రీస్ రికార్డు ఏంటో వినండి. పెద్ద టోర్నమెంట్లు రెండే ఆడారు, 1980 యూరో, 1994 ప్రపంచ కప్. రెండింట్లో కలిపి ఆరు మ్యాచ్‌లు, గెలుపు సున్నా, గోల్ ఒకటి. 1994లో అయితే మూడు మ్యాచ్‌లలో పది తిని ఒక్కటీ కొట్టకుండా వచ్చేశారు. పానథినైకోస్, ఒలింపియాకోస్, ఏఈకే, ఈ క్లబ్బుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది, నేషనల్ టీమ్‌లో కూడా మా వాడికి ఛాన్స్ ఎందుకివ్వలేదని ఎవరి పేపర్ వాళ్ళది, ఎవరి క్లబ్ ప్రెసిడెంట్ వాళ్ళది. రేహాగెల్ మొదటి మ్యాచ్ హెల్సింకీలో, ఫిన్లాండ్ చేతిలో 5-1 చావుదెబ్బ. ఇంకొకరైతే ఆ రాత్రే టికెట్ బుక్ చేసుకునేవాళ్ళు. ఈయనకి 12-0 చూసిన కళ్ళు కదా, ఐదు ఏ మూలకి.

నెల తిరిగేసరికి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్‌తో 2-2. అందరికీ బెక్‌హమ్ చివరి క్షణంలో కొట్టిన ఫ్రీకిక్కే గుర్తుంది, ఆ ఫ్రీకిక్ దాకా ముందున్నది గ్రీస్ అన్నది ఎవరికీ గుర్తులేదు. యూరో 2004 క్వాలిఫయర్స్‌లో మొదటి రెండూ ఓడారు, స్పెయిన్‌తో 2-0, ఉక్రెయిన్‌తో 2-0. మిగతా ఆరూ గెలిచారు, ఆ ఆరింట్లో ఒక్క గోల్ కూడా తినలేదు. మొత్తం ఎనిమిది మ్యాచ్‌లలో కొట్టింది ఎనిమిది గోల్సే, అయినా గ్రూప్ టాప్, స్పెయిన్ వాళ్ళ కింద!

ఎలా చేశాడు? గ్రీకు భాష రాదు ఆయనకి. పక్కన టోపాలిడిస్ అని అసిస్టెంట్, జర్మన్ బాగా తెలిసినవాడు, ఈయన జర్మన్‌లో చెప్తే ఆయన గ్రీకులో చెప్పేవాడు. కటువైన మాటల్ని కొంచెం మెత్తబరిచి చెప్పేవాడని కూడా అంటారు. సెలక్షన్‌లో క్లబ్బుల వాళ్ళనీ పేపర్ల వాళ్ళనీ దగ్గరికి రానివ్వలేదు. ఒకసారి నమ్మినవాణ్ణి ఫామ్ పోయినా మార్చలేదు. ఇంతకు ముందు ఎవడికి తోచింది వాడు చేసేవాడు, ఇప్పుడు ఎవడికి చేతనయింది వాడు చేస్తున్నాడు అన్న అర్థంలో ఒక మాటన్నాడు, అదే మొత్తం మేనేజ్‌మెంట్.

ఇక ఆట. 2004 నాటికి యూరప్‌లో అందరూ జోనల్ డిఫెన్స్, నలుగురు ఒక లైన్‌లో నిలబడి ఎవరి ఏరియా వాళ్ళు కాయడం. ఈయన తీసుకొచ్చింది మ్యాన్ మార్కింగ్, వెనక ఒక లిబెరో, అంటే ఎవర్నీ అంటిపెట్టుకోకుండా అందరి వెనకా కాపలా ఉండే డిఫెండర్. అవతలి స్ట్రైకర్‌కి ఒకణ్ణి అంటగట్టేస్తాడు, పెళ్ళింట్లో చంటిపిల్లాడు తల్లి కొంగు పట్టుకుని వంటగదిలోకీ స్టోర్‌రూమ్‌లోకీ తిరిగినట్టు వాడు వెనకే తిరగాలి. క్వార్టర్ ఫైనల్లో థియెరీ ఆన్రీకి సెయిటరిడిస్, సెమీస్‌లో బరోష్‌కి మళ్ళీ సెయిటరిడిస్. వెనక డెల్లాస్, బాగా పొడుగరి, తప్పించుకొచ్చిన బంతుల్ని ఊడ్చేయడం ఆయన డ్యూటీ. అప్పటి స్ట్రైకర్లకి ఇలాంటి ఆట అలవాటు తప్పిపోయింది, దాంతో వాళ్ళకి ఊపిరాడలేదు. మోడర్న్ కాదు కదా అనడిగితే, ఎవడు గెలిస్తే వాడే మోడర్న్ అన్నాడు ఆయన.

టోర్నమెంట్ మొదటి మ్యాచ్, పోర్టోలో, ఆతిథ్య దేశం పోర్చుగల్‌తో. కరగూనిస్ ఏడో నిమిషంలో కొట్టాడు, రెండో హాఫ్ మొదట్లో పెనాల్టీ, బసినాస్, 2-0. చివర్లో పంతొమ్మిదేళ్ళ రొనాల్డో ఒకటి తగ్గించాడు, 2-1. స్పెయిన్‌తో 1-1. రష్యాతో ఓడారు 2-1, 67 సెకన్లలోనే గోల్ తిన్నారు. స్పెయిన్‌కీ వీళ్ళకీ పాయింట్లు సమానం, గోల్ డిఫరెన్స్ సమానం, ఎక్కువ గోల్స్ కొట్టినందుకు వీళ్ళు ముందుకెళ్ళారు. రష్యా మీద వ్రిజాస్ కొట్టిన ఆ ఒక్క గోల్ లేకపోతే ఈ రోజు మనం ఇలా కూర్చుని ఉండేవాళ్ళం కాదు.

ఫ్రాన్స్‌తో క్వార్టర్ ఫైనల్, నా దృష్టిలో అసలు ఫైనల్ అదే. జిదాన్, ఆన్రీ, డిఫెండింగ్ చాంపియన్లు. 65వ నిమిషంలో కెప్టెన్ జగోరాకిస్ కుడి పక్క బంతిని లిజరాజు తల మీదుగా లేపి, తనే చుట్టూ తిరిగి అందుకుని, తల ఎత్తి చూసి క్రాస్ వేశాడు. మధ్యలో హారిస్టియాస్ ఒక్కడే, పక్కన ఎవరూ లేరు, నింపాదిగా హెడ్ చేశాడు. ఆ మ్యాచ్ ఎక్కడైనా దొరికితే ఆ పది సెకన్లు చూడండి, డిఫెన్సివ్ టీమ్ అంటారు కానీ అంత అందమైన గోల్ ఆ టోర్నమెంట్‌లో ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

సెమీస్‌లో చెక్. అప్పటిదాకా అన్ని మ్యాచ్‌లూ గెలిచిన ఒకే ఒక్క టీమ్, అందరికంటే బాగా ఆడింది వాళ్ళే, దాచడం ఎందుకు. రొసిట్‌స్కీ షాట్ క్రాస్‌బార్‌కి తగిలింది, నెద్వెద్ మోకాలి దెబ్బతో ఫస్ట్ హాఫ్‌లోనే వెళ్ళిపోయాడు. 90 నిమిషాలు 0-0. అప్పట్లో సిల్వర్ గోల్ అని ఒక రూల్ ఉండేది, ఎక్స్‌ట్రా టైంలో మొదటి పదిహేను నిమిషాలు అయ్యేసరికి ఎవరు ముందుంటే మ్యాచ్ వాళ్ళది. ఆ పదిహేను నిమిషాలు అయిపోవస్తున్నాయి, సిఆర్తాస్ కార్నర్, డెల్లాస్ హెడర్, గోల్, విజిల్. చెక్ వాళ్ళకి సెంటర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టి పోరాడే టైం కూడా దొరకలేదు.

జూలై 4, ఆదివారం, ఫైనల్. మనకి రాత్రి పన్నెండుంబావుకి మొదలైంది. మళ్ళీ పోర్చుగల్. స్టేడియం లిస్బన్‌లో లూజ్. పన్నెండేళ్ళ క్రితం ఆయన బ్రెమెన్‌తో కప్పెత్తింది పాత లూజ్‌లో, ఇది దాని పక్కనే కట్టిన కొత్తది. కరగూనిస్ సస్పెన్షన్‌లో ఉన్నాడు. 57వ నిమిషం, బసినాస్ కార్నర్, హారిస్టియాస్ హెడర్. 1-0. నాకౌట్‌లో మూడు మ్యాచ్‌లు, మూడూ 1-0, మూడూ హెడర్లే. ఆ హారిస్టియాస్ ఆ ఏడాది ఆడుతున్న క్లబ్ ఏది? వెర్డర్ బ్రెమెన్! అక్కడ కోచ్ థామస్ షాఫ్, రేహాగెల్ దగ్గర ఏళ్ళ తరబడి ఆడినవాడు. ఇంకొకటి చెప్తా, అదే టోర్నమెంట్‌లో జర్మనీ గ్రూప్ స్టేజ్‌లోనే ఇంటికొచ్చేసింది, కోచ్ ఎవరు, రూడీ ఫోలర్, మర్నాడే రాజీనామా. అంటే శిష్యుడు ఖాళీ చేసిన జర్మనీ కుర్చీని గురువుకి ఆఫర్ చేశారు. ఆయన వద్దన్నాడు. క్లిన్స్‌మన్‌కి ఇచ్చారు.

ఎందుకు వద్దన్నాడో ఎవరి ఊహ వాళ్ళది. నా ఊహ మాత్రం, జర్మనీ టీమ్ అంటే మళ్ళీ బెకన్‌బవర్, మళ్ళీ టీవీలో సలహాలు, మళ్ళీ నలుగురి పెత్తనం. ఏథెన్స్‌లో రేహాక్లీస్ అని గ్రీకు పురాణ వీరుడు హెరాక్లిస్‌తో సమానంగా పిలుస్తుంటే బెర్లిన్‌లో తిట్లు తినడం దేనికి.

(ప్రేక్షకుల్లోంచి: సార్, కానీ ఆ ఆట చూడ్డానికి బోర్ కదా? ఫుట్‌బాల్‌ని చంపేశాడన్నారు.) అన్నారమ్మా, గట్టిగానే అన్నారు. బోర్ కొట్టిన మాట నిజమే, ఫైనల్ రెండో హాఫ్ నేను కూడా మళ్ళీ మళ్ళీ చూడను. కానీ జిదాన్ లేనివాడు జిదాన్ ఉన్నవాడిలా ఆడితే ఏమవుతుందో గ్రీస్ 1994లోనే చూసింది, పది గోల్స్. బ్రెమెన్‌లో గోల్స్ కొట్టే మనుషులున్నారు, అక్కడ ఐదేసి కొట్టించాడు. గ్రీస్‌లో పొడుగాటి డిఫెండర్లున్నారు, కార్నర్లు కొట్టించాడు. మన హైదరాబాద్ రహీమ్ సాబ్, ఇండియా టీమ్ కోచ్, ఆయన కూడా 1962 జకార్తాలో తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడించి ఏషియన్ గేమ్స్ గోల్డ్ తేలేదూ? ఉన్నవాళ్ళతో ఏం చెయ్యచ్చో చూడ్డమే కోచ్ పని. అందం అడగాల్సింది పోర్చుగల్‌ని, వాళ్ళకి ఫిగో, డెకో, రొనాల్డో ఉండి కూడా ఒకే టీమ్ చేతిలో, సొంత గడ్డ మీద, ఒకే నెలలో రెండుసార్లు ఓడారు.

తర్వాతి కథ అంత వెలుగులో లేదు. 2006 ప్రపంచ కప్‌కి క్వాలిఫై కాలేదు. 2008 యూరోలో చాంపియన్ హోదాలో వెళ్ళి మూడు మ్యాచ్‌లూ ఓడారు. అప్పటికి ఆయన మాన్ మార్కింగ్‌కి అందరూ విరుగుడు నేర్చుకున్నారు, ఈయన మాత్రం పాతవాళ్ళనే పట్టుకు వేలాడాడు, నమ్మకం అన్న గుణమే అక్కడ దోషమైంది. అయినా ఉక్రెయిన్‌ని ప్లేఆఫ్‌లో వాళ్ళ దేశంలోనే ఓడించి 2010 ప్రపంచ కప్‌కి తీసుకెళ్ళాడు, నైజీరియా మీద 2-1, ప్రపంచ కప్‌లో గ్రీస్‌కి అదే మొదటి గోల్, అదే మొదటి గెలుపు. ఆ టోర్నమెంట్ అవగానే దిగిపోయాడు.

ఇక్కడితో ఆపేస్తే బావుండేది. కానీ 2012 ఫిబ్రవరిలో హెర్తా బెర్లిన్ మునిగిపోతూ పిలిస్తే 73 ఏళ్ళ వయసులో మళ్ళీ ట్రాక్‌సూట్ వేసుకున్నాడు. తొలి బుండెస్‌లీగా సీజన్‌లో తను ఆడిన క్లబ్. ఆ సీజన్‌లో అప్పటికే కోచ్‌లు మారీ మారీ ఉన్నారు, ప్లేయర్లకి ఎవరి మాట వినాలో తెలీదు, చెప్పిందంతా మర్నాడు పేపర్లో. పదహారో స్థానంలో మిగిలి, కింది డివిజన్‌కి పడకుండా ఉండడానికి ప్లేఆఫ్ ఆడాల్సొచ్చింది. అవతలి టీమ్ ఎవరు? ఫార్చూనా డ్యూసెల్‌డార్ఫ్. బెర్లిన్‌లో 2-1 ఓడారు. మే 15న రెండో మ్యాచ్ డ్యూసెల్‌డార్ఫ్‌లో, పాత రైన్ స్టేడియం పడగొట్టి అదే స్థలంలో కట్టిన కొత్త స్టేడియం. స్కోరు 2-2, ఇంజురీ టైం ఇంకా ఉండగానే అయిపోయిందనుకుని జనం గ్రౌండ్‌లోకి దూకేశారు, పచ్చిక పెళ్ళగించి ఇళ్ళకి పట్టుకుపోయేవాళ్ళు కొందరు, మంటలు, పొగ, ఇరవై నిమిషాలు ఆట ఆగింది, మళ్ళీ అందర్నీ బయటికి పంపించి మిగిలిన కాస్తా ఆడించారు. స్కోరు మారలేదు. హెర్తా ఫిర్యాదు చేసింది, కొట్టేశారు, కిందికి వెళ్ళిపోయింది. కోచ్‌గా ఎనిమిది వందలకి పైగా బుండెస్‌లీగా మ్యాచ్‌ల తర్వాత ఆయన చివరి ఉద్యోగం అది.

నాది అయింది. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి, ఆ రెండో వరసలో ఉన్న అబ్బాయి ఇందాకణ్ణుంచి చెయ్యెత్తి ఉన్నాడు, మైక్ అతనికివ్వండి ముందు.